లెక్కలోకి రాని 2,981 పాయింట్లు: లూసియా హ్యారిస్ విస్మృతిపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

మహిళల బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది 1976లో, మాంట్రియాల్‌లో. ఆ పోటీల చరిత్రలో తొలి బాస్కెట్ వేసిన క్రీడాకారిణి పేరు లూసియా హ్యారిస్. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో డెల్టా స్టేట్ అనే చిన్న విశ్వవిద్యాలయంలో చదువుతూ, ఆ జట్టును వరుసగా మూడేళ్లు జాతీయ విజేతగా నిలిపింది. పురుషుల ఎన్.బి.ఎ. లీగ్‌లోని ఒక జట్టు డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే ప్రక్రియలో, అధికారికంగా ఎంచుకున్న మహిళ కూడా ఆమే. ఇంత చేసిన మనిషి పేరు, ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు, బాస్కెట్‌బాల్‌ను ప్రాణంగా ప్రేమించే అమెరికన్లలోనే చాలామందికి తెలియదు.

దీన్ని కాలం చేసే సహజమైన పనిగా భావించి వదిలేయడం సులువు. కానీ ఆమె కన్నా ముందు ఆడిన పురుష క్రీడాకారుల పేర్లు ఇప్పటికీ అందరి నోళ్లలో నానుతున్నాయి. కాలం అందరినీ ఒకేలా మరిపించలేదు. క్రీడాకారుల జ్ఞాపకాన్ని మోసేవి కొన్ని ఉంటాయి: రికార్డు పుస్తకం, టెలివిజన్ దృశ్యం, చదువు ముగిశాక ఆడటానికి ఒక లీగ్, గోడ మీద ఒక పేరు. హ్యారిస్ విషయంలో వీటిలో ఏది లేదు, ఏది ఉండీ పనికిరాకుండా పోయింది అన్నదే ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆమె మరుపున పడటానికి ప్రధాన కారణం ఆమె పాయింట్లు రాసిన చిట్టా వేరు, ఆట చరిత్రగా చలామణి అయిన చిట్టా వేరు కావడమేనని నా ప్రతిపాదన.

నేల, కాలం

డెల్టా అనగానే మనకు గోదావరి, కృష్ణా సముద్రంలో కలిసే చోటు గుర్తుకొస్తుంది. మిసిసిపీ డెల్టా అలాంటిది కాదు. సముద్రానికి దూరంగా, మిసిసిపీ, యాజూ నదుల నడుమ పరుచుకున్న ఒండ్రు మైదానం అది. నల్లజాతి బానిసల చెమటతో, బానిసత్వం పోయాక కౌలు రైతుల చెమటతో పండిన పత్తి నేల. హ్యారిస్ 1955 ఫిబ్రవరి 10న ఆ నేల మీదే, లెఫ్లోర్ కౌంటీలోని మింటర్ సిటీలో పుట్టింది. పెద్ద కుటుంబం, వ్యవసాయం మీద బతుకు. పిల్లలు కూడా పత్తి ఏరేవారు.

అదే ఏడాది ఆగస్టులో అదే కౌంటీలోని మనీ అనే ఊరికి బంధువుల ఇంటికి వచ్చిన ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి బాలుణ్ణి తెల్లవాళ్లు ఎత్తుకుపోయి చంపారు. ఆ హత్య పౌరహక్కుల ఉద్యమాన్ని రగిలించింది. హ్యారిస్ ఊయలలో ఉన్న నాటి ఊరి గాలి అది. ఆమె పదకొండో ఏట, 1966లో, పక్కనే ఉన్న గ్రీన్‌వుడ్ పట్టణంలో స్టోక్లీ కార్‌మైకేల్ 'బ్లాక్ పవర్' నినాదాన్ని దేశం ముందుంచాడు. ఆ గ్రీన్‌వుడ్‌లోనే అమాండా ఎల్జీ ఉన్నత పాఠశాలలో హ్యారిస్ చదివింది, ఆడింది. అప్పటికే తోటి పిల్లలందరికన్నా పొడవు. ఆ పొడవును చూసి పిల్లలు ఆటపట్టించేవారని, రాత్రిపూట పడుకోవాల్సిన వేళ దుప్పటి కింద నుంచి టెలివిజన్‌లో బాస్కెట్‌బాల్ చూసేదాన్నని ఆమె తర్వాత చెప్పుకుంది. ఆ తెరమీద కనిపించినవాళ్లంతా మగవాళ్లే.

ఒక జట్టు ఆగి, మళ్లీ మొదలైన కథ

క్లీవ్‌లాండ్ పట్టణంలోని డెల్టా స్టేట్‌కు 1930ల మొదట్లో మహిళల బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. ఆడపిల్లల ఒంటికి ఈ ఆట తగదని, శ్రమ ఎక్కువవుతుందని 1932లో కళాశాల ఆ జట్టును రద్దుచేసింది. క్రీడాకారిణులు నిరసనగా తమ యూనిఫాంలను తగలబెట్టారు. వాళ్లలో ఒకరు మార్గరెట్ వేడ్. ఆమె తర్వాత ఉన్నత పాఠశాలల్లో ఏళ్ల తరబడి ఆడపిల్లలకు ఆట నేర్పింది.

విద్యాసంస్థల్లో స్త్రీ పురుష వివక్షను నిషేధించే టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే డెల్టా స్టేట్ మహిళల జట్టును పునరుద్ధరించి, అరవై ఏళ్ల వేడ్‌ను కోచ్‌గా పిలిచింది. నలభై ఏళ్ల కిందట తన చేతుల్లోంచి లాక్కున్న బంతి ఆమె చేతికి తిరిగొచ్చింది. హ్యారిస్ మొదట ఆల్‌కార్న్ స్టేట్‌లో చేరాలనుకుంది. అక్కడ మహిళల జట్టు లేదు. డెల్టా స్టేట్ తరఫున మెల్విన్ హెంఫిల్ వచ్చి అడగడంతో ఇటు వచ్చింది.

ఆమె అడుగుపెట్టిన ప్రాంగణాన్ని కూడా గుర్తుంచుకోవాలి. తెల్లవాళ్ల ఉపాధ్యాయ శిక్షణ కళాశాలగా మొదలైన డెల్టా స్టేట్ నల్లజాతి విద్యార్థులను చేర్చుకున్నది 1967లో. 1969లో అక్కడ నిరసనకు కూర్చున్న నల్లజాతి విద్యార్థులను అరెస్టు చేసి పార్చ్‌మన్ జైలుకు పంపారు. నాలుగేళ్ల తర్వాత హ్యారిస్ ఆ జట్టులో ఏకైక నల్లజాతి క్రీడాకారిణిగా నిలబడింది. ఆమె ఆడిన స్టేడియానికి వాల్టర్ సిల్లర్స్ పేరు పెట్టారు. మిసిసిపీ ప్రతినిధుల సభ స్పీకర్‌గా జాతి విభజనను గట్టిగా సమర్థించిన నాయకుడాయన. గోడ మీద ఎవరి పేరుంది, ఆ గోడల మధ్య జనం ఎవరి పేరు పెట్టి కేకలు వేశారు అన్న తేడా ఈ కథకు గుండెకాయ వంటిది.

నాలుగు సీజన్ల లెక్క

మరుపుతో పోరాడే పరిశోధకుడు ముందుగా అంకెలను సరిచూసుకోవాలి. హ్యారిస్ ఉన్న నాలుగు సీజన్లలో డెల్టా స్టేట్ గెలుపోటములు వరుసగా 16–2, 28–0, 33–1, 32–3. మొత్తం 109 గెలుపులు, 6 ఓటములు. ఆమె చేసిన పాయింట్లు 2,981, రీబౌండ్లు 1,662. వీటిని 115 ఆటలతో భాగిస్తే ఆటకు 25.9 పాయింట్లు, 14.5 రీబౌండ్లు వస్తాయి. నమోదైన సగటులు కూడా ఇవే. 1975–76 సీజన్‌లో 1,060 పాయింట్లతో దేశంలోనే అగ్రస్థానం, ఆటకు 31.2 చొప్పున. టెన్నెసీ టెక్ మీద ఒకే ఆటలో 58. అంకెలు ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నాయి. ఇవి జనం నోట పెరిగిన కథలు కావు.

ఈ అంకెల వెనక ఆట ఎలాంటిదో కూడా చెప్పాలి. 6 అడుగుల 3 అంగుళాల హ్యారిస్ సెంటర్ స్థానంలో ఆడేది. బాస్కెట్‌కు దగ్గరగా, ప్రత్యర్థిని వీపుతో అడ్డుకుని, బంతి అందగానే తిరిగి వేసేది. ఆమె వేసిన ప్రతి 100 షాట్లలో 63 లోపల పడ్డాయి. అప్పటికి మూడు పాయింట్ల గీత లేదు. అందువల్ల బాస్కెట్ కింది స్థలం ఎవరిదైతే ఆట వాళ్లది. ఆ స్థలం నాలుగేళ్లు హ్యారిస్‌ది.

ఆమె ఎదుర్కొన్న ప్రత్యర్థి కూడా సామాన్యమైంది కాదు. పెన్సిల్వేనియాలోని చిన్న క్యాథలిక్ మహిళా కళాశాల ఇమాక్యులేటా 1972 నుంచి 1974 దాకా వరుసగా మూడుసార్లు జాతీయ విజేత. 1975 ఫైనల్లో డెల్టా స్టేట్ ఆ జట్టును 90–81తో ఓడించి, ఓటమే లేని సీజన్‌ను ముగించింది. వరుసగా 51 గెలుపుల తర్వాత డెల్టా స్టేట్‌ను ఆపింది కూడా ఇమాక్యులేటాయే. 1976 ఫైనల్లో డెల్టా స్టేట్ 69–64తో దానికి బదులు తీర్చుకుంది. 1977లో ఎల్.ఎస్.యు. (లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం) మీద 68–55తో మూడో కిరీటం దక్కింది.

మాంట్రియాల్, ఆ తర్వాత

1976 ఒలింపిక్స్‌లో ఆరు మహిళా జట్లు ఆడాయి. అమెరికా జట్టు తొలి ఆటలో జపాన్ చేతిలో 84–71తో ఓడింది. హ్యారిస్ వేసిన చరిత్రాత్మక తొలి బాస్కెట్ ఆ ఓడిన ఆటలోనిదే. సోవియట్ జట్టు అమెరికాను 112–77తో చిత్తు చేసి బంగారు పతకం పట్టుకుపోయింది. అమెరికాకు వెండి దక్కింది. ఆ జట్టులో అత్యధిక పాయింట్లు, రీబౌండ్లు హ్యారిస్‌వే. ఆమెతో కలిసి ఆడిన పాట్ సమ్మిట్ తర్వాత కోచ్‌గా, నాన్సీ లీబర్‌మన్, ఆన్ మేయర్స్ క్రీడాకారిణులుగా, వ్యాఖ్యాతలుగా దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. ఒకే పతకం అందుకున్నవాళ్ల దారులు ఇక్కడ విడిపోయాయి.

1977 జూన్‌లో న్యూ ఆర్లీన్స్ జాజ్ జట్టు ఏడో రౌండ్‌లో, 137వ స్థానంలో ఆమెను ఎంచుకుంది. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కో వారియర్స్ డెనీస్ లాంగ్ అనే అమ్మాయిని ఎంచుకుంటే లీగ్ కమిషనర్ ఆ ఎంపికను రద్దుచేశాడు. హ్యారిస్ ఎంపికను ఎవరూ రద్దుచేయలేదు. ఆమె మాత్రం ఆ జట్టులో ఆడే ప్రయత్నం చేయలేదు. అప్పటికే పెళ్లయింది. మగవాళ్ల మధ్య తన ఆట నిలబడుతుందన్న నమ్మకం తనకు లేదని తర్వాత నిజాయితీగా చెప్పింది.

అయితే ఆమె ముందున్న దారులేమిటి? మహిళల వృత్తి లీగ్ ఒకటి 1978లో మొదలై మూడు సీజన్లకే మూతపడింది. అందులో హ్యూస్టన్ ఏంజెల్స్ తరఫున ఆమె 1979–80లో ఒక సీజన్ ఆడింది. ఇప్పుడున్న మహిళల వృత్తి లీగ్ డబ్ల్యు.ఎన్.బి.ఎ. తొలి ఆట జరిగింది 1997లో. అప్పటికి ఆమెకు 42 ఏళ్లు. కళాశాలలో వెలిగిన పురుష క్రీడాకారుడి పేరును ఆ తర్వాత పదేళ్లు వృత్తి లీగ్ మోస్తుంది. హ్యారిస్ పేరు 1977లో డెల్టా స్టేట్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఆమె బతుకు మాత్రం ఆగలేదు. డెల్టా స్టేట్‌లో ఉద్యోగం చేసింది, పై చదువు చదివింది, టెక్సస్ సదరన్‌లో కోచ్‌గా పనిచేసింది. తర్వాత డెల్టాకు తిరిగొచ్చి బడి పిల్లలకు పాఠాలు, ఆట చెప్పింది. నలుగురు పిల్లల్ని పెంచింది. బైపోలార్ అనే మానసిక వ్యాధితో ఏళ్ల తరబడి పోరాడింది, దాని గురించి దాచకుండా మాట్లాడింది. 1992లో నేస్మిత్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను, నెరా వైట్‌ను కలిపి చేర్చుకుంది. క్రీడాకారిణులుగా అక్కడ చోటు దక్కిన తొలి మహిళలు వీళ్లే. గౌరవం అందింది. జనంలోకి పేరు మాత్రం వెళ్లలేదు.

రెండు చిట్టాలు

హ్యారిస్ ఆడిన రోజుల్లో మహిళల కళాశాల క్రీడలను నడిపింది ఎ.ఐ.ఎ.డబ్ల్యు. అనే సంఘం. ఆడవాళ్లు తమ క్రీడల కోసం తామే నిర్మించుకున్న సంస్థ అది. పురుషుల క్రీడలను నడిపే ఎన్.సి.ఎ.ఎ. చాలాకాలం మహిళల ఆటను పట్టించుకోలేదు. 1981–82లో అది సొంతంగా మహిళల టోర్నమెంట్ పెట్టింది. దాని డబ్బు, టెలివిజన్ బలం ముందు ఎ.ఐ.ఎ.డబ్ల్యు. నిలవలేక అదే ఏడాది మూతపడింది. దానితోపాటు ఆ సంఘం కింద ఆడిన వాళ్ల పాయింట్లు కూడా పక్కకు పోయాయి. ఎన్.సి.ఎ.ఎ. రికార్డు పుస్తకం తన పాలన మొదలైన నాటి నుంచే లెక్క మొదలుపెట్టింది. దాంతో మహిళల కళాశాల బాస్కెట్‌బాల్ 1982లోనే పుట్టినట్టు ఒక భ్రమ ఏర్పడింది.

దీని ఫలితం 2024లో అందరికీ కనిపించింది. అయోవా క్రీడాకారిణి కెయిట్లిన్ క్లార్క్ ఫిబ్రవరి 15న కెల్సీ ప్లమ్ పేరిట ఉన్న 3,527 పాయింట్ల ఎన్.సి.ఎ.ఎ. రికార్డును దాటింది. దేశమంతా పండుగ చేసుకుంది. అప్పుడే కొందరు గుర్తుచేశారు: కాన్సాస్‌లో 1981 దాకా ఆడిన లినెట్ వుడార్డ్ 3,649 పాయింట్లు చేసింది కదా, ఆమె మాటేమిటి? చిన్న కళాశాలల విభాగంలో ఆడిన పెర్ల్ మూర్ 4,061 చేసింది కదా? క్లార్క్ ఆ నెలాఖరున వుడార్డ్‌ను కూడా దాటింది. ఆమె ఘనతను ఈ ప్రశ్న ఏమాత్రం తగ్గించదు. ఒక ఆటకు రెండు చిట్టాలు ఉండి, వాటిలో ఒకటి మాత్రమే చరిత్రగా చలామణి అయిందన్న సంగతిని మాత్రం బయటపెడుతుంది. హ్యారిస్ 2,981 పాయింట్లు రెండో చిట్టాలోవి.

లెక్క పోయినచోట 'మొట్టమొదటి' అన్న మాట ఒక్కటే మిగులుతుంది. ఒలింపిక్స్‌లో మొట్టమొదటి బాస్కెట్, హాల్ ఆఫ్ ఫేమ్‌లో మొట్టమొదటి నల్లజాతి మహిళ, ఎన్.బి.ఎ. డ్రాఫ్ట్‌లో ఆమోదం పొందిన మొట్టమొదటి మహిళ. హ్యారిస్ గురించిన రాతలన్నీ ఈ జాబితా చుట్టూనే తిరుగుతాయి. తలుపు అప్పటిదాకా ఎంతకాలం మూసి ఉందో ఆ మాట చెబుతుంది. లోపలికి వచ్చిన మనిషి ఎలా ఆడిందో చెప్పదు. డ్రాఫ్ట్ కథను వింత వార్తగా గుర్తుపెట్టుకుని, 109 గెలుపులను మరిచిపోవడం ఈ పద్ధతి చేసిన నష్టం.

తిరిగి వినిపించిన గొంతు

2021లో బెన్ ప్రౌడ్‌ఫుట్ తీసిన 'ది క్వీన్ ఆఫ్ బాస్కెట్‌బాల్' అనే లఘుచిత్రం వచ్చింది. అందులో పండితులు వచ్చి ఆమె గొప్పతనాన్ని వివరించరు. హ్యారిస్ తనే కెమెరా ముందు కూర్చుని, నవ్వుతూ, మధ్యమధ్య ఆగుతూ తన కథ చెబుతుంది. పక్కన పాత ఫిల్ము దృశ్యాల్లో ఇరవై ఏళ్ల లూసియా పరుగెడుతుంది. ఆ దృశ్యాలు దశాబ్దాలుగా ఉన్నాయి. ఆమె గొంతూ ఉంది. అడిగినవాళ్లే లేరు. మౌఖిక చరిత్ర విలువ గురించి పరిశోధకులు రాసే పేజీలకన్నా ఈ ఒక్క ఉదాహరణ బలమైనది.

2022 జనవరి 18న, 66 ఏళ్ల వయసులో హ్యారిస్ కన్నుమూసింది. ఆ మార్చిలో ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. లక్షలమంది ఆమె పేరును మొదటిసారి విన్నది ఆ రాత్రే.

ముగింపు

హ్యారిస్‌ను తిరిగి గుర్తుచేసుకోవడం అంటే ఒక సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకుని ఊరుకోవడం కాకూడదు. క్రీడా చరిత్ర రాసేవాళ్ల ముందు మూడు పనులున్నాయి. ఎ.ఐ.ఎ.డబ్ల్యు. కాలపు అంకెలను మిగతా అంకెల పక్కనే, అదే వరుసలో పెట్టి చెప్పడం మొదటిది. 'మొట్టమొదటి'ల జాబితాను దాటి ఆటను ఆటగా వర్ణించడం రెండోది. ఆ తరం క్రీడాకారిణులు బతికుండగానే వాళ్లను అడిగి వినడం మూడోది. అన్నిటికన్నా తొందరపడాల్సింది ఈ మూడో పనికే.

115 ఆటలు, 109 గెలుపులు, 2,981 పాయింట్లు. కూడి చూసినా, భాగించి చూసినా లెక్క సరిపోతోంది. దాన్ని ఏ పుస్తకంలో రాస్తామన్నదే ఇక మన చేతిలో ఉంది.