కరిసల్ దారిలో హెర్క్యులస్

రంగు చూడకండి. రంగు నిన్ననే వేసి ఉండొచ్చు. ముందు హ్యాండిల్ కింద, ఫ్రేము గొట్టాలు రెండూ వచ్చి కలిసే చోట బొటనవేలు ఆనించి, గొట్టం అడుగువైపు మెల్లగా వెనక్కి జరపండి. ఈ బండి ఎప్పుడైనా గోడకో ఎద్దులబండికో ఎదురుగా గుద్దుకుని ఉంటే, సరిగ్గా అక్కడ, అతుకు దాటిన రెండంగుళాల లోపు ఇనుము కాస్త ముడతపడి ఉంటుంది. కంటికి ఆనదు. వేలికి తగులుతుంది.

తగల్లేదు. గొట్టం నున్నగా ఉంది.

విరుదునగర్ బజారు వెనక సందు. పొద్దున తొమ్మిది కావస్తోంది. పక్క గోడౌన్లో ఎండుమిరప బస్తాలు దించుతున్నారు. ఆ ఘాటుకి మీకు తుమ్ములు ఆగడం లేదు. ఇక్కడివాళ్ళెవరికీ పట్టినట్టే లేదు. మిరప, ధనియాలు, పప్పులు, నూనెల టోకు వ్యాపారానికి పేరుపడ్డ ఊరిది. పేపర్లు విరుదునగర్ మార్కెట్ ధరలని విడిగా వేస్తాయి. నూనె డబ్బాలూ పప్పు బస్తాలూ మోసిన సైకిళ్ళు కాబట్టి, ఈ ఊళ్ళో పాత బండి కొనేవాడు మొదట వెనక క్యారియర్ ఎంత వంగిందో చూస్తాడు. మీరూ చూడండి. ఒక పక్కకి కొంచెం ఒరిగింది. పరవాలేదు.

షాపతను ఇందాకటి నుంచీ తమిళంలో మాట్లాడుతున్నాడు. మీకు ఫోనొచ్చి, తెలుగులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేసరికి చేతిలో స్పానరు ఆపాడు.

“తెలుగోళ్ళా? యా ఊరు నైనా?”

“గుంటూరండి.”

“మాకూ ఇంట్లో తెలుగే. చదవను రాదు, రాయను రాదు. మాట్లాడతాం, అంతే.”

స్టూలు మీ వైపు జరిగింది. టీ చెప్పాడు. టీ వచ్చేలోపు బేరం సంగతి పక్కకి పోయి, అసలు సంగతి మొదలైంది.

షాపు ముందు రెండు బళ్ళున్నాయి. మొదటిది ర్యాలీ, ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో తయారైంది. ఆకుపచ్చ రంగు, బంగారు గీతలు, ముందు గొట్టం మీద కొంగ తల బిళ్ళ. వెనక హబ్బు మీద నూనె మసి తుడిస్తే స్టర్మీ ఆర్చర్ అన్న పేరు, ఏడబ్ల్యూ అన్న అక్షరాలు, పక్కన 62 అని అచ్చు. ఈ కంపెనీ హబ్బు తయారైన సంవత్సరాన్ని దాని ఒంటి మీదే కొట్టేది. వయసు దాచుకోవడానికి వీల్లేదు. 1936లో వచ్చిన ఈ ఏడబ్ల్యూ హబ్బులో మూడు గేర్లు లోపలే దాగి ఉంటాయి. మధ్య గేరులో చైను ఎంత తిప్పితే చక్రం అంతే తిరుగుతుంది. కింది గేరులో పావు వంతు తగ్గుతుంది, పై గేరులో మూడో వంతు పెరుగుతుంది. చెయ్యి దానంతటదే జేబువైపు పోతుంది.

రెండోది హెర్క్యులస్. నలుపు గోధుమలోకి దిగిపోయింది. ఒకప్పుడు మునిసిపాలిటీలు సైకిలుకి ఏటా పన్ను కట్టించుకుని బిళ్ళ ఇచ్చేవి. ఆ బిళ్ళ బిగించి ఉన్నంత మేర మాత్రం అసలు నలుపు ఇంకా మెరుస్తోంది. హెర్క్యులస్ పుట్టుక బర్మింగ్‌హామ్, 1910. ఈ బండి మాత్రం అక్కడిది కాదు. 1949లో మురుగప్ప కుటుంబం ఇంగ్లండుకి చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి మద్రాసు పక్కన అంబత్తూరులో మొదలుపెట్టిన టీఐ సైకిల్స్‌లో తయారైంది.

“ర్యాలీ పద్దెనిమిది వేలు. ఇది నాలుగున్నర,” అన్నాడాయన. “ఫొటోకైతే అది. తొక్కేదానికైతే ఇది.”

ఎందుకని అడిగితే నోటితో చెప్పలేదు. గూట్లోంచి పెడల్ ఇరుసు పక్కన బిగించే కప్పు ఒకటి తీసి మీ అరచేతిలో పెట్టాడు. నాటింగ్‌హామ్ ర్యాలీకి ఆ కప్పు మర అంగుళానికి 26 చుట్లు. బ్రిటిష్ సైకిళ్ళకి మామూలుగా ఉండేది 24. బయటి కప్పు బలవంతంగా ఎక్కిస్తే ఫ్రేములో మరే పోతుంది. దాని బ్రేకు మొలలు, కప్పులు, ఇరుసులు అన్నీ దానివే. పాడైతే ఫోన్లు చేసి, ఊళ్ళు వెతికి తెప్పించాలి. హెర్క్యులస్‌కి ఏదైనా కావాలంటే ఇదిగో, ఈ గూడు చాలు. ఈ సందు దాటితే ఇంకో షాపు, సాత్తూరులో ఇంకోటి, కోవిల్పట్టిలో ఇంకోటి. ఏ ఊళ్ళో చెడితే ఆ ఊళ్ళోనే బాగయ్యే బండి. దీని విలువంతా అదే.

బయటి దేశాల్లో పాత ఉక్కు బండి అంటే ఇంకో లోకం. 1935లో బర్మింగ్‌హామ్‌లో వచ్చిన రేనాల్డ్స్ 531 గొట్టాలతో చేసిన రేసు బళ్ళ కోసం కొనేవాళ్ళు ప్రాణం పెడతారు. ఇటలీలో టస్కనీ మట్టిరోడ్ల మీద 1997 నుంచి లెరోయికా అని పాత బళ్ళ సవారీ జరుగుతోంది. ముఖ్యంగా 1987కి ముందు తయారైన రేసు బళ్ళ కోసం పెట్టింది. మన రోడ్డు బండి రేసుకి పుట్టింది కాదు. మామూలు ఉక్కు, 28 అంగుళాల చక్రాలు, తీగలకు బదులు ఇనుప కడ్డీలతో లాగే బ్రేకులు, ఇరవై కిలోల పైన బరువు. బడి పంతులు, పోస్ట్‌మ్యాన్, పాలవాడు తొక్కిన బండి. ఇలాంటి బళ్ళనే కోట్లలో చేసిన అట్లాస్ కంపెనీ, 1951లో సోనీపత్‌లో మొదలై, సాహిబాబాద్‌లో ఉన్న చివరి ఫ్యాక్టరీని 2020 జూన్ 3న ఆపేసింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.

ఇక హెర్క్యులస్ పరీక్ష పూర్తి చేయండి. స్టాండు వేసి వెనక చక్రం తిప్పి వదలండి. బ్రేకు రబ్బరు దగ్గర కన్ను పెట్టి చూస్తే రిమ్ము కొంచెం ఊగుతోంది. ఆయన పుల్లల కీ తీసి నాలుగు పుల్లలు బిగించి, రెండు వదులు చేసి బెండు తీసేశాడు. వెనక్కి పెడల్ తొక్కండి. ఫ్రీవీల్ చప్పుడు టకటకా ఎడం లేకుండా రావాలి. మధ్యలో మింగితే లోపల పళ్ళని పట్టే కొక్కెం అరిగినట్టు. పెడల్ చెయ్యి పట్టుకుని పక్కకి ఊపండి. కదలలేదు. చివరగా ముందు చక్రం కాళ్ళ మధ్య బిగించి హ్యాండిల్ తిప్పి చూడండి. తిరిగితే బిగువు లేనట్టు. తిరగలేదు.

మూడువేల ఎనిమిది వందలకి తెగింది. కొత్త ట్యూబులు వేసి, ఇరుసుల్లో బాల్సు కడిగి గ్రీజు పెట్టి, హబ్బు మీద చిన్న మూత ఎత్తి నాలుగు చుక్కలు నూనె వేశాడు. సీటు ఎత్తు ఆయనే పెట్టాడు. మడమ పెడల్ మీద ఆనించినప్పుడు కాలు చాచి ఉండాలట. “రంగు మాత్రం వేయించొద్దు నైనా. వేయిస్తే మళ్ళీ దెబ్బలు దాచిపెట్టినట్టే.”

తమిళుల తై నెల, అంటే జనవరి. పొంగలి పోయి వారమైంది. ఈశాన్యపు గాలి వీపుకి తగులుతోంది. ఈ బండి మీద పోవాల్సింది కోవిల్పట్టికి, ఇక్కడి నుంచి దక్షిణంగా యాభై కిలోమీటర్లు. పెద్ద రోడ్డు 44వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా వచ్చేదే ఇది. నాలుగు వరుసల రోడ్డులో లారీ మీ పక్కనుంచి పోతే సైకిలు ఒక అడుగు పక్కకి జరుగుతుంది. అందుకని సర్వీసు రోడ్డు, ఊళ్ళ లోపలి పాత రోడ్డు ఎక్కడ దొరికితే అక్కడ దిగిపోండి.

మొదటి పది నిమిషాలు బండి మీ మాట వినదు. హ్యాండిల్ వెడల్పు, ముందు ఫోర్కు బాగా ముందుకి వంగింది, మలుపు తిప్పితే ఆలస్యంగా తిరుగుతుంది. ఆ తరవాత అర్థమవుతుంది. గుంత వచ్చినప్పుడు ఆ వంపే దెబ్బని మింగేస్తోంది. వెన్ను నిటారుగా ఉంది, మెడ పైకే ఉంది, పొలం కనిపిస్తోంది. పెడల్ దగ్గరి పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కి 18. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే బండి అయిదు మీటర్లు దాటుతుంది. నిమిషానికి యాభై చుట్లు చాలు, గంటకి పదహారు కిలోమీటర్లు. అంతకన్నా ఎక్కువ అడిగితే ఇవ్వదు.

ఆ వేగానికి కరిసల్ నేల విప్పుకుంటుంది. కరిసల్ అంటే నల్లరేగడి. రెండు పక్కలా మొక్కజొన్న ఎండి గలగలమంటోంది. మినుము పీకి కుప్పలేశారు. మిరప ఇంకా చెట్టు మీదే ఉంది. పండనిచోటల్లా సర్కారు తుమ్మ. రోడ్డు దిగకండి. నవంబరులో వాన పడ్డప్పుడు ఈ మట్టి టైరుకి అంటుకుని మడ్‌గార్డు లోపల గట్టిపడి చక్రాన్నే ఆపేస్తుంది. అప్పుడు పుల్ల పెట్టి గీక్కుంటూ బండిని మోసుకుని రావాల్సిందే. పైగా వానలో ఉక్కు రిమ్ము మీద ఈ కడ్డీ బ్రేకులు పట్టీ పట్టనట్టుంటాయి. ఇప్పుడు నేల నెర్రెలిచ్చింది. నెర్రెలో చెయ్యి పడుతుంది.

సాత్తూరు. వైప్పారు వంతెన కింద నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ. ఈ ఊరికి కారం సేవు, దోసకాయలు పేరు. ఒకప్పుడు పెన్నుల పాళీలు కూడా ఇక్కడ తయారయ్యేవి. దోసకాయ చీల్చి, ఉప్పూ కారం రాసి చేతికిస్తారు. తింటూ బండి వైపు చూడండి. మీ కన్నా ముందు ఇంకెవరో చూస్తున్నారు. పంచె కట్టిన పెద్దాయన బెల్లు కొట్టి చూశాడు, సీటు మీద అరచేత్తో తట్టాడు, పేరు అడగలేదు, ధర అడిగాడు. చెబితే, “నాలుగొందలు ఎక్కువిచ్చావు” అన్నాడు. ప్రతి ఊళ్ళో ఇలా ఒకరు చెబుతారు. ప్రతిసారీ మొత్తం మారుతుంది.

సాత్తూరు దాటాక కుడికాలు కిందికి వచ్చినప్పుడల్లా ఏదో టక్కుమంటోంది. ముందు పెడల్ అనుకుంటారు. కాదు. దిగి పెడల్ చెయ్యి ఊపండి. పొద్దున కదలనిది ఇప్పుడు కదులుతోంది. కాటర్ పిన్ను. పెడల్ చేతినీ ఇరుసునీ కలిపి పట్టేది వేలెడంత ఉక్కు మేకు ఒక్కటే. దాని ఒక పక్క ఏటవాలుగా చదునుగా ఉంటుంది, ఆ చదునే ఇరుసులో గాడిని నొక్కి పడుతుంది. వదులైనా అలాగే తొక్కితే గాడి తినేస్తుంది, ఆ పైన ఇరుసే మార్చాలి. నట్టు బిగించి సరిపెట్టబోకండి. నట్టు పిన్నుని లాగదు, దిగినదాన్ని జారకుండా ఆపుతుందంతే. కుడికాలి బరువు తగ్గించి, ఎడమకాలితో ఎక్కువ తొక్కుతూ, మిగిలిన దూరం నెమ్మదిగా పోనివ్వండి.

కోవిల్పట్టిలోకి వచ్చేసరికి మూడు దాటింది. అగ్గిపెట్టెల ఊరు, కడలైమిట్టాయి ఊరు. ఆ వేరుశెనగ అచ్చుకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెల్లం పాకం కాగే వాసన వీధిలోకి కొడుతోంది, ఆకలి కూడా వేస్తోంది. అయినా ముందు సైకిలు షాపు.

కుర్రాడు మీ మాట పూర్తి కాకుండానే పెడల్ ఊపి చూసి కూర్చున్నాడు. నట్టు తీశాడు. పెడల్ చెయ్యి కింద బోలు ఇనుప గొట్టం ముక్క నిలబెట్టి, పైనుంచి సుత్తితో ఒకే దెబ్బ. పిన్ను ఆ గొట్టంలోకి జారిపడింది. కింద ఆ ముక్క పెట్టకుండా కొడితే దెబ్బంతా లోపలి బాల్సు మీద పడుతుంది. పాత పిన్ను చదును మీద మెట్టు పడి ఉంది. కొత్తది తీసి ఆకురాయితో నాలుగు సార్లు రుద్ది, దూర్చి చూసి, తీసి మళ్ళీ రెండు సార్లు రుద్దాడు. దూర్చి, సుత్తితో దిగ్గొట్టి, నట్టు పెట్టాడు. “అక్కా, ఒక టీ!” అని ఎదురు కొట్టుకి కేకేసి, మీరు టీ ఊదుకుని తాగేలోపు బండి అప్పగించాడు. నలభై రూపాయలు. నాటింగ్‌హామ్ బండికి ఇదే చెడి ఉంటే ఈ టీ ఎన్నాళ్ళు తాగాల్సొచ్చేదో.

రాత్రికి ఇక్కడే గది తీసుకోండి. రేపటికి దారులు మూడున్నాయి, మూడూ ఈ బండికి అందే దూరమే. తూర్పున ఎట్టయపురం, 1882లో సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరు, పదిహేను కిలోమీటర్లు. పడమట ఇరవై చిల్లర దూరంలో కళుగుమలై. ఎనిమిదో శతాబ్దపు పాండ్యుల వెట్టువన్ కోయిల్ అక్కడ కొండని పైనుంచి తొలుచుకుంటూ వచ్చి సగంలో ఆగి ఉంటుంది. దక్షిణాన పది కిలోమీటర్లలో ఇడైసెవల్. ఇంట్లో తెలుగు, పుస్తకంలో తమిళం అయిన రచయిత కి. రాజనారాయణన్ 1923లో అక్కడే పుట్టారు. తెలుగువాళ్ళు ఈ కరిసల్ నేలకి ఎలా వలస వచ్చి అడవి కొట్టి ఊరు కట్టారో 1976లో ‘గోపల్ల గ్రామం’గా రాశారు, దాని తరవాతి భాగానికి 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆయన్ని అభిమానులు పిలిచింది కూడా నైనా అనే.

తై నెలలో ఈ మూడింట్లో ఎటైనా పోవచ్చు. ఆడి నెలలో, అంటే జూలై, ఆగస్టుల్లో వస్తే మాత్రం కనుమల సందుల్లోంచి పడమటి గాలి దూసుకొస్తుంది. కయత్తారు దగ్గర అన్ని గాలిమరలు పాతింది ఊరికే కాదు. అప్పుడు తెల్లవారకుండానే కళుగుమలై వైపు తొక్కండి, గాలి లేచేలోపు చేరిపోతారు. వచ్చేటప్పుడు అదే గాలి వీపున తోసుకొస్తుంది. సీటు వెనక సంచిలో ఒక స్పానరు, ఇంకో కాటర్ పిన్ను వేసుకోవడం మరిచిపోకండి. పిన్ను కుర్రాడి దగ్గర పదిహేను రూపాయలు.