అర్బుదం

నేటి తెలుగు పత్రికల్లో క్యాన్సర్‌కు పర్యాయంగా స్థిరపడిన ‘అర్బుదం’ ప్రాచీన వైద్యంలో మెల్లగా పెరుగుతూ, చీముపట్టని పెద్ద గడ్డకు పేరు కాగా, అంతకన్న చిన్నదైన ముడివంటి వాపును ‘గ్రంథి’ అన్నారు. ఈ రెంటినీ వర్ణించిన సుశ్రుత సంహిత, మధుసూదన గుప్త పరిష్కరణలో 1835-36లో కలకత్తాలో తొలిసారి అచ్చయింది. బెంగాలీలో అర్బుదమే అరిగి ‘ఆబ్’ అయి హానిలేని కణితికీ చెల్లుతుండగా, తెలుగులో అర్థసంకోచం పొంది, అంటే విస్తృతార్థం కుదించుకుపోయి, భయాన్నే మిగుల్చుకుంది. యువతుల రొమ్ములో తరచు కనిపించే ఫైబ్రోఅడినోమా, అంటే నారకణజాలమూ గ్రంథికణజాలమూ కలిసి పెరిగిన, వేలికింద జారే నున్నని గడ్డ, క్యాన్సర్ కాదు గనుక దానిని కణితి అనడమే సబబు. అయితే చేతికి కొత్తగా తగిలిన ఏ గడ్డనైనా వైద్యులకు చూపి, వారు సూచిస్తే అల్ట్రాసౌండ్, సూదిపరీక్ష చేయించుకోవాలి.