పాత తెలుగు టెలివిజన్ కార్యక్రమాలు: యాజమాన్యం, భద్రత, లభ్యత

తెలుగు టెలివిజన్ చరిత్రలో పెద్ద భాగం తూర్పు హైదరాబాదులోనే నడిచింది. దిల్‌సుఖ్‌నగర్‌ను ఆనుకుని ఉన్న మూసారాంబాగ్‌లో ఆ పరిసరాలకే పేరుగా మారిన టీవీ టవర్, అక్కడికి ఉత్తరాన రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం, ఎల్బీ నగర్ దాటి విజయవాడ రహదారిపై హయత్‌నగర్ అవతల రామోజీ ఫిల్మ్ సిటీ ఉన్నాయి. ఈ చోట్ల తయారై ప్రసారమైన వాటిలో ఏవి మిగిలాయి, ఏవి చూడటానికి దొరుకుతాయి అన్నది ప్రధానంగా టేపు ఎవరి ఆధీనంలో ఉంది, ఒప్పందంలో ఏం రాసుకున్నారు అన్నదాన్ని బట్టే తేలింది.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా గ్రామాలకు పాఠాలు, వ్యవసాయ కార్యక్రమాలు అందించిన ‘సైట్’ ప్రయోగానికి హైదరాబాదు ఒక నిర్మాణ కేంద్రంగా పనిచేసింది. 1977లో ఇక్కడ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. అప్పట్లో వార్తలు నేరుగా స్టూడియో నుంచి వెళ్లేవి కనుక, ప్రత్యేకించి రికార్డు చేస్తే తప్ప చదివిన క్షణంతోనే అవి ముగిసిపోయేవి. రికార్డయినవాటికీ భరోసా లేదు: టేపు ఖరీదైన సరుకు కావడంతో పాతదాన్ని చెరిపి కొత్తది ఎక్కించడం ప్రపంచమంతటా మామూలు పద్ధతిగా ఉండేది. బ్రిటన్‌లో బీబీసీ ఇలాగే ‘డాక్టర్ హూ’ తొలి భాగాలను చెరిపేసింది. వాటిలో అనేకం నేటికీ దొరకలేదు.

మిగిలిన టేపుకు కాలమే శత్రువు. యూమాటిక్, బీటాకామ్ టేపులలో అయస్కాంత పొడిని ప్లాస్టిక్ పట్టీకి అంటించి ఉంచే జిగురు తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. అలాంటి టేపును యంత్రంలో పెడితే పొర ఊడి హెడ్డుకు అంటుకుంటుంది, బొమ్మ గీతలు గీతలుగా చెదిరి ఆగిపోతుంది. కొన్నిసార్లు టేపును తక్కువ వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, అది మళ్లీ చెడేలోపు డిజిటల్ రూపంలోకి మార్చుకుంటారు. ఆడించే యంత్రం లేకపోతే అదీ కుదరదు; సోనీ సంస్థ 2016లో బీటాకామ్ యంత్రాల అమ్మకం ఆపేసింది.

యాజమాన్యం మరింత చిక్కుముడి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రసార సంస్థకు తన ప్రసారంపై ఉండే ప్రత్యేక హక్కు 25 ఏళ్లతో ముగుస్తుంది. అయితే ఆ ప్రసారంలోని కథ, సంగీతం, చిత్రీకరణలపై ఉండే హక్కులు అంతకంటే చాలా కాలం నిలుస్తాయి. దూరదర్శన్ సొంతంగా తీసినవి ప్రభుత్వ ఆస్తి. 1997 నుంచి ఆ వ్యవస్థ ప్రసార భారతి కిందికి వచ్చింది. బయటి నిర్మాతలు ప్రాయోజకుల డబ్బుతో తీసి, ప్రసార సమయం కొనుక్కుని వేయించినవి మాత్రం ఒప్పందాన్ని బట్టి నిర్మాతలవి కావచ్చు. దూరదర్శన్ పాటల కార్యక్రమం ‘చిత్రలహరి’లో వచ్చిన సినిమా పాటల హక్కులు అసలే వేరేవారివి. ఆ కాలపు ఒప్పందాలు రాసినప్పుడు ఇంటర్నెట్ ఎవరి ఊహలోనూ లేదు కాబట్టి, టేపు చేతిలో ఉన్నా బయటపెట్టడానికి కొత్త అనుమతులు కావాలి.

1995లో వచ్చిన ప్రైవేటు చానల్ ఈటీవీ పరిస్థితి వేరు. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం వ్యాఖ్యాతగా మొదలైన ‘పాడుతా తీయగా’ వంటి కార్యక్రమాలు సంస్థ చేతిలోనే ఉన్నాయి. సంస్థ సొంత ఓటీటీ వేదిక ఈటీవీ విన్, యూట్యూబ్ వచ్చాక వాటికి మళ్లీ విలువ కట్టే మార్గం దొరికింది. దూరదర్శన్ కూడా 2020 లాక్‌డౌన్‌లో ‘రామాయణ్’ పునఃప్రసారానికి దక్కిన ఆదరణ తర్వాత పాత కార్యక్రమాలకే డీడీ రెట్రో చానల్ తెరిచింది, 2024 నవంబరులో ప్రసార భారతి వేవ్స్ ఓటీటీ వేదికను ప్రారంభించింది. తెలుగు ప్రాంతీయ కార్యక్రమాలకు మాత్రం అంతటి చోటు దక్కలేదు. దూరదర్శన్ హాస్య ధారావాహిక ‘ఆనందో బ్రహ్మ’తో నటుడు ధర్మవరపు సుబ్రహ్మణ్యం ఇంటింటి మనిషి అయ్యారు. అలాంటి కార్యక్రమాలు భాగాల వరుసతో, తేదీలతో, నటీనటుల పేర్లతో ఒక్కచోట దొరకవలసిన అవసరం ఉంది.

అవి అలా దొరకకపోవడానికి ఒక కారణం చట్టంలోని ఖాళీ. 1954 నాటి చట్టం ప్రకారం ప్రతి పుస్తకం ప్రతినీ, తర్వాతి సవరణతో పత్రికలనూ నిర్దేశిత గ్రంథాలయాలకు అందజేయాలి. టీవీ ప్రసారాలకు ఆ నియమం లేదు. ఫ్రాన్స్ 1992లోనే ప్రసారాలను ఇలాంటి నిక్షేపం పరిధిలోకి తెచ్చి, ఇనా అనే సంస్థకు ఆ బాధ్యత అప్పగించింది. అలాంటి ఏర్పాటు లేనిచోట, ఇళ్లలో వీసీఆర్‌పై ఎక్కించుకున్న వీహెచ్ఎస్ క్యాసెట్‌ కూడా ఒక కార్యక్రమానికి ఏకైక ప్రతి కావచ్చు. దాన్ని దాచినవారికి క్యాసెట్‌పై హక్కు ఉంటుంది గానీ, అందులోని కార్యక్రమాన్ని ప్రచురించే హక్కు ఉండదు.