రిజర్వేషను రిజిస్టరు నుంచి కంప్యూటరు దాకా

గుంతకల్లు - నంద్యాల రైలు మార్గంలో బేతంచెర్ల చిన్న స్టేషను. నాపబండల వ్యాపారం వల్ల దూరప్రాంతాలకు రాకపోకలున్న ఊరు. ఇలాంటి ఊరివారికి దూరపు బండిలో బెర్తు కావాలంటే ఒకప్పుడు ఎంత ప్రయాస పడవలసి వచ్చేదో మన పిల్లలకు తెలియదు.

అప్పట్లో ప్రతి బండికీ, ప్రతి తేదీకీ రిజిస్టరు ఉండేది. అది బండి బయలుదేరే పెద్ద స్టేషనులో ఉండేది. మధ్య స్టేషన్లకు కోటా కొద్దిగానే ఉండేది. అది అయిపోతే టెలిగ్రాం కొట్టి జవాబు కోసం ఎదురు చూడడమే. పెళ్లికి వెళ్లేవారైనా, వైద్యానికి వెళ్లేవారైనా తిరుగు ప్రయాణం సంగతి దేవుడి మీద భారం వేసి బండెక్కేవారు.

1985 నవంబరులో న్యూఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషను ప్రయోగాత్మకంగా మొదలైంది. ప్రభుత్వ రంగ సంస్థ సి.ఎం.సి. తయారుచేసిన ఈ పద్ధతి పేరు ఇంప్రెస్. 1989లో సికింద్రాబాదుకు వచ్చింది. వాడినవి డిజిటల్ కంపెనీ వాక్స్ యంత్రాలు. వీటిని అచ్చంగా మెయిన్‌ఫ్రేమ్ అనకపోయినా, చల్లని గదిలో ఉండి వందలాది టెర్మినళ్లకు జవాబు చెప్పే పని అదే.

ఇక్కడ అసలు చిక్కు ఒకటుంది. రిజిస్టరు ఒక గుమాస్తా చేతిలోనే ఉంటుంది కనుక ఒకే బెర్తు ఇద్దరికి రాసే ప్రమాదం తక్కువ. కంప్యూటరులో ఎన్నో కౌంటర్ల వారు ఒకే ఫైలు తెరుస్తారు. అందుకే ఒకరు ఒక రికార్డును మార్చడానికి తీసుకుంటే, పని ముగిసేదాకా మిగిలినవారికి దానికి తాళం పడుతుంది. ఫైలు చదవడం, రాయడం, నడపడం, తొలగించడం అనే నాలుగు హక్కులను సిస్టం, యజమాని, గుంపు, మిగతా అందరు అనే నాలుగు వర్గాలకు విడివిడిగా పంచుతారు. బీరువా తాళాలు ఎవరి దగ్గర ఉండాలో ఆఫీసులో నిర్ణయించినట్టే.

యంత్రాలను ఒకదానితో ఒకటి కలపడానికి అదే కంపెనీ ఇచ్చిన వ్యవస్థ డెక్‌నెట్. దాన్ని నడిపే ఆజ్ఞలలో ‘సెట్’ ఇస్తే మార్పు వెంటనే అమలవుతుంది, యంత్రం ఆపి మళ్లీ వేస్తే పోతుంది. ‘డిఫైన్’ ఇస్తే శాశ్వత పట్టికలో చేరుతుంది, కాని అప్పటికప్పుడు అమలు కాదు. మొదటిది పెన్సిలు రాత, రెండవది సిరా రాత. నిలకడైన మార్పు వెంటనే కావాలంటే రెండూ ఇవ్వవలసిందే.

ఇంప్రెస్ ఉన్న కేంద్రాలు మొదట దేనికవే పనిచేశాయి. 1986లో ఏర్పడిన క్రిస్ సంస్థ, వాటిని కలిపేందుకు కాన్సర్ట్ అనే కొత్త పద్ధతి రూపొందించింది. అది 1994 సెప్టెంబరులో మొట్టమొదట మన సికింద్రాబాదులోనే అమలైంది. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు అయిదూ ఒక్కటయ్యాయి. అప్పటి నుంచి ఏ కౌంటరులోనైనా ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా బెర్తు అడగవచ్చు. బేతంచెర్ల వాసికి తిరుగు టికెట్టు బెంగ తీరింది.

యంత్రం వచ్చాక పాత గుమాస్తా విద్య వృథా అయిందనుకోవడం పొరపాటు. ఒక బెర్తు ఒకరికే, రాసినదానికి బాధ్యుడు ఉండాలి, అక్కరలేని చెయ్యి రిజిస్టరు మీద పడకూడదు అన్న మన కట్టుబాట్లే అందులోకి వెళ్లాయి. ఆ రిజిస్టర్లు చెదలు పట్టి ఉండవచ్చు. వాటిని నడిపిన తీరు తెలిసిన సభ్యులు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు చెబుతుండగా మనవలు, మనవరాళ్లు రాసిపెడితే అది చరిత్రలో నిలుస్తుంది.