కోడ్ ఎడిటర్, ఐడీఈల ఎంపిక

ప్రోగ్రాములు రాసే సాధనాలు ప్రధానంగా రెండు రకాలు. కోడ్ రాయడం, కంపైల్ చేయడం, తప్పులు పట్టడం ఒకేచోట జరిగితే అది ఐడీఈ. కోడ్ రాయడానికే పరిమితమైతే తేలికపాటి ఎడిటర్.

1983లో వచ్చిన టర్బో పాస్కల్ మొదటి రకానికి ఆదరణ తెచ్చింది. దాని వరసలోని టర్బో సి మన కళాశాలల ల్యాబుల్లో చాలాకాలం కొనసాగింది. మరో ఐడీఈ అయిన విజువల్ స్టూడియోలో చేరిన జె షార్ప్ భాష మైక్రోసాఫ్ట్ వారి హైదరాబాద్ కేంద్రంలోనే రూపొందింది. తేలికపాటి సాధనాల్లో విమ్ 1991 నాటిది.

2015లో ప్రకటించిన విజువల్ స్టూడియో కోడ్ ఈ విభజనను పలచన చేసింది. కావలసిన ఎక్స్‌టెన్షన్లు చేర్చుకుంటే అది దాదాపు ఐడీఈలా పనిచేస్తుంది. చేర్చేకొద్దీ మెమరీ వాడకమూ పెరుగుతుంది.

ఎంపికను నిర్ణయించేవి చేసే పని, చేతిలోని కంప్యూటర్. వందల ఫైళ్లున్న జావా ప్రాజెక్టులో ఒక ఫంక్షన్ పేరును అన్నిచోట్లా భద్రంగా మార్చాలంటే ఐడీఈకి సాటి లేదు. ఆండ్రాయిడ్ యాప్‌లకు ఆండ్రాయిడ్ స్టూడియోయే అధికారిక సాధనం. దానికి కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి. డోన్‌లోనో ఆళ్లగడ్డలోనో 4 జీబీ ల్యాప్‌టాప్‌పై పైథాన్ నేర్చుకునే విద్యార్థికి తేలికపాటి ఎడిటరే సరైనది.