ఒక్క కార్డుముక్క

మూడు నెలలపాటు నోరు మెదపకుండా కూర్చోమంటే మనలో ఎవరివల్లనైనా అవుతుందా? నావల్ల కాదు. మావారినడిగితే మూడు గంటలు కూడా కాదంటారు, ఆయన మాటకేంలెండి! కానీ ఇంగ్లండులో ఒక పెద్దమనిషి ఆ పని చేసి చూపించాడు. అదీ ఎప్పుడనుకున్నారు? లక్షలమంది డబ్బిచ్చి కొనుక్కుని, "ఏమైందయ్యా బాబూ, ఒక్క ముక్క చెప్పవయ్యా" అని తలుపులు బాదుతున్నప్పుడు!

ఆయన పేరు షాన్ మర్రే. గిల్డ్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఆయనకీ, ఆయన స్నేహితులకీ ఓ చిన్న కంపెనీ ఉంది. దాని పేరు హలో గేమ్స్. పేరులోనే పలకరింపు పెట్టుకుని పలకడం మానేశారు చూడండి, అదీ విచిత్రం.

వీడియో గేముల గొడవ మనకెందుకులే అని పేజీ తిప్పెయ్యకండి. నేనూ అలాగే అనుకున్నాను. మా అక్క కొడుకు పండక్కొచ్చి రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పాక గానీ, ఇందులో మనకి తెలిసిన సంగతే ఉందని తట్టలేదు. ఎవరి కబురు కోసమైనా గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన వాళ్ళందరికీ ఈ కథ తెలుసు. ఊళ్ళ పేర్లే వేరు.

ఈ మర్రే ఆస్ట్రేలియాలో, చుట్టుపక్కల మనిషన్నవాడు కనిపించని ఓ పశువుల క్షేత్రంలో పెరిగాడట. రాత్రిళ్ళు నెత్తిమీద చుక్కలే చుక్కలు. ఆ చుక్కల్లో దేనిమీదైనా దిగి నడవగలిగితే ఎలా ఉంటుందన్న చిన్ననాటి ఊహే పెద్దయ్యాక ఆటైంది. పేరు 'నో మ్యాన్స్ స్కై'. 2013 డిసెంబరులో మొదటిసారి దాని బొమ్మలు లోకానికి చూపించారు. అప్పటికి దానిమీద పని చేస్తున్నది నలుగురే నలుగురు. చూపించిన నెల తిరక్కుండానే, క్రిస్మస్ ముందురోజు రాత్రి వాళ్ళ ఆఫీసు వరద నీళ్ళలో మునిగింది. కంప్యూటర్లు చాలామటుకు పాడైపోయాయి. అయినా వదల్లేదు. ఆ పట్టుదలకి మాత్రం మెచ్చుకోవాలి.

ఇంతకీ ఆ ఆటలో ఎన్ని లోకాలున్నాయో తెలుసా? 18 రాసి, దాని పక్కన ఇంకో పద్దెనిమిది అంకెలు వేసుకోండి. అన్ని గ్రహాలు! సెకనుకొకటి చొప్పున చూస్తూ పోయినా 58 వేల కోట్ల సంవత్సరాలు పైన పడుతుంది. వాటిని ఎవరూ కూర్చుని గియ్యలేదు. ఒక లెక్క రాసిపెడితే, మనం వెళ్ళేసరికి ఆ లెక్కప్రకారం కొండలూ, చెట్లూ, జంతువులూ పుట్టుకొస్తాయన్నమాట.

ఇలాంటిది చేస్తున్నారంటే ఎవరికి ఆశ పుట్టదు? సోనీవాళ్ళు 2014లో తమ పెద్ద వేదికమీద నిలబెట్టారు. 2015లో అమెరికాలో పేరుమోసిన టీవీ కార్యక్రమానికి పిలిచారు. ఎక్కడికి వెళ్ళినా ప్రశ్నలే. ఒకే గ్రహంమీద ఇద్దరు ఆటగాళ్ళు కలుసుకోవచ్చా అంటే కలుసుకోవచ్చన్నాడు, కాకపోతే విశ్వం మరీ పెద్దది కాబట్టి తారసపడడం చాలా అరుదన్నాడు. ఇంకా ఏవేవో అడిగారు. చాలావాటికి ఉందనే అన్నాడు.

మన పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి నాకు. "అమ్మాయి పాడుతుందాండీ?" "ఆఁ, పాడుతుంది." "కుట్లూ అల్లికలూ?" "ఆఁ, అవీను." పిల్ల తండ్రి మోసగాడేం కాదు. కూతురిమీద ప్రేమకొద్దీ, రేపు నేర్చుకోకపోతుందా అన్న ధైర్యంకొద్దీ ఆయన నోట్లోంచి ఆ 'ఆఁ' ఊడిపడుతుంది. మర్రే కూడా ఆ కోవలోవాడే అనుకుంటాను.

2016 జూన్‌లో రావాల్సిన ఆట ఆగస్టుకి జరిగింది. ఏడువారాల ఆలస్యం, అంతే. దానికే చంపుతామని బెదిరిస్తూ సందేశాలు వచ్చాయిట! ఆలస్యం సంగతి ముందుగా రాసిన విలేఖరిని కూడా వదల్లేదట. ఆటకోసం ప్రాణం తీస్తామనేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు. తర్వాత జరిగిన మౌనానికి మూలం ఈ భయంలోనే సగం ఉందని మాత్రం నా అనుమానం.

ఆగస్టు 9న ఆట వచ్చింది. దానికి కాస్త ముందు మర్రే, ఇది పదిమంది కలిసి ఆడుకునే ఆట కాదు, అలా అనుకుని కొనుక్కోకండని ఓ ముక్క రాశాడు. మూడేళ్ళనించీ చెబుతున్నదానిమధ్య ఈ చిన్న ముక్క ఎంతమంది చెవిన పడుతుంది? వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే ఓ వింత జరిగింది. ఎవరో ఇద్దరు ఆటగాళ్ళు, అన్ని కోట్ల కోట్ల లోకాల్లో, ఒకే గ్రహానికి చేరుకున్నారు. ఇద్దరూ మాట్లాడుకుని ఒకే చోట నిలబడ్డారు. జనం గుడ్లప్పగించి చూస్తున్నారు. ఒకరికొకరు కనిపించలేదు! ఎదురెదురుగా నిలబడి, "నువ్వెక్కడ?" "ఇక్కడే, నువ్వు?" అనుకోవడం. నవల్లో రాస్తే కల్పన అతిగా ఉందంటారు.

మొదటిరోజే ఇద్దరు కలుసుకోవడం ఆశ్చర్యంగా ఉందన్నాడు మర్రే. మరి కనిపించలేదేమయ్యా అన్నదానికి సరైన జవాబు లేదు. ఆగస్టు దాటకుండానే ఆయన మాటలు ఆగిపోయాయి. ఇంకొన్నాళ్ళకి కంపెనీ కూడా మౌనవ్రతం పట్టింది.

ఇక్కడ ఓ మాట చెప్పాలి. ఈ ఆటలు ఒకసారి కొన్నాక అయిపోయేవి కావు. లోపలి తప్పుల్ని తర్వాత సరిదిద్ది, ఇంటర్నెట్‌లో ఇంటింటికీ పంపుతారు. దాన్ని 'ప్యాచ్' అంటారు. మన భాషలో మాసికన్నమాట. చిరిగినచోట మాసిక వేసి ఇస్తారనే నమ్మకంతోనే కొన్నవాళ్ళు ఎదురుచూస్తారు. హలో గేమ్స్ వాళ్ళు మొదట్లో చిన్న చిన్న మాసికలు వేశారు. లేదన్న పెద్ద సంగతుల మాటేమిటి, అసలవి వస్తాయా రావా, అన్నదానికే ఉలుకూ పలుకూ లేదు. కంప్యూటర్లమీద ఆట వచ్చినరోజున స్టీమ్ అనే దుకాణం ద్వారా ఒకేసారి 2 లక్షల 12 వేలమంది ఆడారు. రెండు నెలలు తిరిగేసరికి ఆ సంఖ్య కొద్ది వేలకు పడిపోయింది. అక్టోబరు 28న కంపెనీ ఖాతాలో, ఈ ఆట ఓ పొరపాటు అన్న అర్థం వచ్చే వాక్యం కనిపించింది. ఎవరో కోపమొచ్చిన ఉద్యోగి రాశాడని ఒక కబురు, కాదు బయటివాళ్ళు దొంగతనంగా జొరబడి రాశారని ఇంకో కబురు. ఇన్నాళ్ళకి ఒక మాట వచ్చిందనుకుంటే అదీ వాళ్ళది కాదని తేలింది!

నా చిన్నప్పుడు మా అమ్మ వారపత్రిక వచ్చేరోజు పొద్దుటే వాకిట్లో ఉండేది. ఓ వారం సీరియల్ రాలేదు. ఆ పేజీలో, 'అనివార్య కారణాలవల్ల' ఈ వారం వెయ్యలేకపోతున్నామని, డబ్బా కట్టి రెండు వాక్యాలు. అమ్మ తిట్టుకుంది. "ఏం అనివార్యం? ఆవిడకి జ్వరమా, కూతురి పురుడా? అదైనా రాయొచ్చుగా!" అంది. ఆ వారమంతా పక్కింటావిడతో రచయిత్రి ఆరోగ్యం గురించే చర్చ. కోపం సగం సానుభూతి అయిపోయింది. ఆ డబ్బా కూడా లేకుండా పేజీ ఖాళీగా వచ్చుంటే అమ్మ పత్రిక మానేసి ఉండేది. నేను సీరియల్స్ రాయడం మొదలుపెట్టాక నాకూ ఓసారి టైఫాయిడొచ్చింది. ఉన్నమాట రాసి పంపించాను. పాఠకులు ఆరోగ్యం జాగ్రత్త అంటూనే, "మీరు లేచేలోగా ఆ సుజాత పెళ్ళి మాత్రం రాజేష్‌తో చెయ్యకండి" అని హెచ్చరించారు. తెలిసిన ఆలస్యాన్ని మనుషులు ఎంతైనా భరిస్తారు. రేపిస్తానమ్మా, రేపిస్తానమ్మా అని నెలరోజులు తిప్పించుకునే దర్జీనయినా భరిస్తాం గానీ, కొట్టుకి తాళం వేసుకుపోతేనే గుండెలు బాదుకుంటాం.

ఇలాంటి చోట ఉత్తరం రాసినవాడు కూడా ఒకడున్నాడు, జపానులో. స్క్వేర్ ఎనిక్స్ కంపెనీ 2010 సెప్టెంబరు 30న 'ఫైనల్ ఫాంటసీ 14' అనే ఆట విడుదల చేసింది. వేలమంది కలిసి ఒకే లోకంలో ఆడే ఆట. అది ఎంత చెడ్డదిగా తేలిందంటే, డిసెంబరులో కంపెనీ అధ్యక్షుడే క్షమాపణ చెప్పుకున్నాడు. ఏడాది పైగా చందా డబ్బులు పుచ్చుకోలేదు. నావోకి యోషిదా అనే కొత్త మనిషికి పగ్గాలిచ్చారు. పాత ఆటలో ఓ పూలకుండీకి పెట్టిన పనితనం, ఆటాడే మనిషి బొమ్మకి పెట్టినంత ఉందని ఆయనే తర్వాత ఓ సభలో చెప్పాడు. వంట వదిలేసి విస్తరాకు అంచులు కత్తిరిస్తూ కూర్చున్నట్టుంది వ్యవహారం!

యోషిదా చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఆటగాళ్ళకి ఉత్తరాలు రాయడం. వాటి పేరే 'నిర్మాత ఉత్తరాలు'. ఏది చెడిపోయింది, ఏది ఎప్పటికి బాగవుతుంది, ఏది ఇప్పట్లో కాదు అని వరసగా రాసేవాడు. తర్వాత తెరమీదికొచ్చి ప్రశ్నలకి జవాబులిచ్చాడు. పాత ఇల్లు కొంచెం కొంచెం బాగుచేస్తూనే, వెనకాల కొత్తిల్లు కడుతున్నామని 2011లో బయటపెట్టాడు. 2012 నవంబరు 11న, ఆటలోని ఆకాశంలోంచి ఓ చంద్రుణ్ణి పడేసి పాతలోకాన్ని ముగించారు. ఆ చివరి రాత్రి జనం లోపల నిలబడి చూశారట. 2013 ఆగస్టు 27న కొత్త ఆట వచ్చింది. మూడేళ్ళ ఎదురుచూపు. ఉత్తరాలు అందుతున్నాయి కాబట్టి ఉండాల్సినవాళ్ళు ఉన్నారు.

మళ్ళీ గిల్డ్‌ఫర్డ్‌కి వద్దాం. 2016 నవంబరు ఆఖర్లో మౌనం వీడింది. ఇన్నాళ్ళూ మాట్లాడలేదు గానీ వింటూనే ఉన్నామని రాసి, రెండు రోజుల్లో పెద్ద మాసిక ఒకటి వదిలారు. అదే వారంలో ఇంగ్లండులో ప్రకటనల మంచిచెడ్డలు చూసే సంస్థ, తమకొచ్చిన 23 ఫిర్యాదులు పరిశీలించి, ఆటని అమ్మిన పేజీలో ప్రకటనలు తప్పుదోవ పట్టించేవి కావని తేల్చింది. చట్టం దృష్టిలో నెగ్గారు. ఆ తర్వాత ఏడాదికి రెండు మూడు మాసికలు, అన్నీ ఉచితంగా. 2018 జూలై 24న వచ్చినదాంతో, ఆ ఇద్దరూ కనిపించక తడుముకున్న చోట, మనుషులు మనుషులకి నిజంగా కనిపించారు.

ఎందుకు మాట్లాడలేదని తర్వాత అడిగితే, చెప్పాలని రాసుకున్నామనీ, అప్పటికి తమ మాటకి విలువ లేదని తోచి మానేశామనీ మర్రే 2019లో ఓ సభలో అన్నాడు. పత్రికలవాళ్ళతో దాదాపు రెండేళ్ళు మాట్లాడలేదట. మాటలకంటే పనే నయమని ఆయన నమ్మకం. పని చేసి చూపించాడు కూడా, కాదనను. అటూఇటూగా పదిహేనుమంది, చంపుతామన్న బెదిరింపులు, తలుపేసుకుని పనిలో పడిపోయారు. వాళ్ళమీద జాలే నాకు. అయినా ఆ మాట ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. మాటకి విలువ లేదని వాళ్ళే ఎలా తేల్చుకున్నారు? అరవై డాలర్లు పోసి కొన్నవాడు విశ్వం అడగలేదు. "మీరడిగింది ఇంకా లేదు, చేస్తున్నాం, ఏడాది పట్టొచ్చు" అన్న కార్డుముక్క చాలు. ఉండేవాడు ఉంటాడు, డబ్బు వాపసడిగేవాడు అడుగుతాడు. అదేదీ తెలియక మూడు నెలలపాటు తన్ను తాను వెర్రివాడనుకుని వెళ్ళిపోయినవాడు, 2018లో ఎంత మంచి ఆట వచ్చినా, దాన్ని చూడ్డానికి మళ్ళీ వచ్చాడో లేదో ఎవరు చెప్పొచ్చారు?

వచ్చినవాళ్ళు మాత్రం మనసారా వచ్చారు. 2019లో అభిమానులు చందాలు వేసుకుని, ఆ ఆఫీసు దగ్గర్లోనే పెద్ద బోర్డు అద్దెకు తీసుకుని 'థాంక్యూ' అని రాయించారు. లోపలున్నవాళ్ళు బయటికొచ్చి దానికింద నిలబడి ఫోటో దిగారు. మొదట్లో తిట్లతో నిండిన స్టీమ్ అభిప్రాయాల పట్టిక, 2024 నాటికి మెప్పులతో నిండిపోయింది.

మర్రే మాత్రం మారలేదు. ఆ తర్వాత కొత్త మాసిక వచ్చే ముందు ఆయన రాసేది చాలాసార్లు ఒక్క బొమ్మ. ఫోనులో మనం పంపుకునే లాంటి చిన్న బొమ్మ, పక్కన అక్షరం ముక్క ఉండదు. దానర్థం ఏమిటా అని లోకమంతా తలలు బద్దలు కొట్టుకునేది. మా అక్క కొడుకు కూడా ఆ గుంపులోవాడే. "ఏం రాశాడ్రా?" అంటే, "బొమ్మ పెట్టాడు పిన్నీ!" అని సంబరపడిపోతాడు.