సూది మొనతో రాసిన పేర్లు

టీచర్ ట్రైనింగ్ రోజుల్లో కుట్టుపని పీరియడ్ వచ్చిందంటే మేమంతా ఒక తెల్లగుడ్డ పట్టుకుని కూర్చునేవాళ్లం. దాని మీద గొలుసు కుట్టు, కాడ కుట్టు, క్రాస్ కుట్టు వరుసగా వేసి, రికార్డుకు అంటించి ఇచ్చేవాళ్లం. ఆ చిన్న గుడ్డకు నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉందని అప్పుడు మాకు తెలియదు.

ఇంగ్లండులో దాన్ని శాంప్లర్ అంటారు. తేదీ కుట్టి ఉన్నవాటిలో మనకు తెలిసినంతలో మొదటిది 1598లో జేన్ బోస్టాక్ కుట్టినది. అది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. వలస వెళ్లినవారితో ఈ అలవాటు అమెరికా చేరింది. ప్లిమత్ వలసలో 1653 ప్రాంతంలో లోరా స్టాండిష్ అనే అమ్మాయి కుట్టిన శాంప్లర్ ఇప్పటికీ భద్రంగా ఉంది. తర్వాతి కాలంలో బడిలో ఆడపిల్లలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, ఒక భక్తి వాక్యం కుట్టి, చివర తమ పేరు, వయసు, సంవత్సరం వేసేవారు. దుప్పట్ల మీద, తువ్వాళ్ల మీద ఇంటివారి గుర్తులు కుట్టడానికి ఈ అక్షరాలు పనికొచ్చేవి. అంటే చదువూ ఇంటిపనీ ఒకే సూదితో నేర్పేవారన్నమాట.

ఆ సూది ఆదివాసీ పిల్లల చేతికి కూడా వచ్చింది. చెరొకీల నేలపై 1817లో బ్రెయినార్డ్ మిషన్ బడి మొదలైంది. ఆదివాసీలను 'నాగరికులను' చేయడానికి అమెరికా ప్రభుత్వం 1819లో ఏటా 10,000 డాలర్లు కేటాయించింది. పిల్లలు బడిలోనే ఉండి చదివేవారు. మగపిల్లలకు వ్యవసాయం, ఆడపిల్లలకు వడకడం, నేయడం, కుట్టడం నేర్పేవారు. కొందరికి దాతల పేర్లు పెట్టారు. చెరొకీ, చోక్టా బాలికలు ఇలాంటి బడుల్లో కుట్టిన శాంప్లర్లు కొన్ని నేటికీ మిగిలాయి.

అదే కాలంలో, 1821 నాటికి, సెకోయా అనే చెరొకీ తన భాషకు 80కి పైగా అక్షరాలతో సొంత లిపి తయారుచేశాడు. దాన్ని ముందుగా నేర్చుకున్నది ఆయన చిన్న కూతురు ఆయోకా అని చెబుతారు. 1828లో ఆ లిపిలో పత్రిక కూడా వచ్చింది. ఒక ఆడపిల్ల పరాయి అక్షరాలు కుడుతుంటే, మరో ఆడపిల్ల తన భాష అక్షరాలు చదివింది.

చదువు, కుట్టు, పత్రిక అన్నీ ఉన్నా వారికి భూమి దక్కలేదు. 1838లో సైన్యం చెరొకీలను ఇళ్ల నుంచి వెళ్లగొట్టింది. దాదాపు 16,000 మందిని పడమరకు తరిమారు. సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. బ్రెయినార్డ్ బడి ఆ ఏడాదే మూతపడింది.

ఇది చదివాక మన తండాలు గుర్తొచ్చాయి. మన అవ్వలు ఫేటియా మీద, కాంచళి మీద అద్దాలు, గవ్వలు కుట్టారు. వారికి ఏ బడీ నేర్పలేదు, అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఆ కుట్టులో మన లోకమంతా ఉంది గానీ, కుట్టిన మనిషి పేరు లేదు. మిషన్ బడి గుడ్డ మీద పేరుంది గానీ, ఆ పిల్ల పుట్టిన లోకం కనిపించదు.

హాస్టల్లో పిల్లలకు అక్షరాలు నేర్పే మేము ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లీషు రావాలి, ఉద్యోగాలు రావాలి. దానికోసం అవ్వ కుట్టును, అవ్వ మాటను గుమ్మం బయట వదిలి రమ్మనకూడదు.

అందుకే ఈ పండుగ సందర్భంగా ఒక మనవి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పెట్టె తెరిచి పాత ఫేటియా బయటికి తీయండి. ఎవరు కుట్టారో, ఏ తండాలో, ఎవరి పెళ్లికి కుట్టారో పెద్దలను అడిగి ఒక కాగితం మీద రాసి, ఆ బట్టతోనే దాచండి. మన అవ్వల పేర్లు మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.